స్పిట్‌ఫైర్ గాజుమూత

జూన్ 9

ఇన్‌స్పెక్టరమ్మకి,

మామయ్య దీవెనలు. ఇక్కడ నేను, నా సుత్తి, నా నడుంనొప్పి ముగ్గురం క్షేమం. ఫోన్లో మాట్లాడదామని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ మీ అమ్మ "ఒరేయ్, లైన్ ఖాళీగా ఉండాలి, పెట్టెయ్" అని తనే పెట్టేసింది. అక్కలు కసిరితే తమ్ముళ్ళకి పోస్టాఫీసే దిక్కు.

నీతో పని పడింది. మా మ్యూజియానికి ఒక విమానం వచ్చింది. వచ్చింది అనకూడదు, పెట్టెల్లో ముక్కలుగా తెచ్చి పోశారు. సొట్టలు తీసి, తుప్పు గీకి, పోయిన రేకుల బదులు కొత్తవి కొట్టి నిలబెట్టేసరికి నాకు చుక్కలు కనిపించాయి. ఇప్పుడు హాలు మధ్యలో పెళ్ళికూతురులా నిలబడి ఉంది. పేరు స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోగిపోయిన విమానం. ముక్కు మీద కోపం ఉన్న ఆడపిల్లని కూడా వాళ్ళ భాషలో ఆ మాటే అంటారట. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. అందులో నా తప్పేం లేదు.

దాని ముందు పిల్లల కోసం ఒక బోర్డు పెట్టాలి. మా పెద్దాఫీసరు రాసింది చదివితే పిల్లలే కాదు, విమానం కూడా నిద్రపోతుంది. ఆ మాట ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు. "నిలబెట్టింది నువ్వే కదయ్యా, రాసేదీ నువ్వే రాయి" అన్నారు. నాకు రేకు మీద గీత గియ్యడం వచ్చు గానీ కాగితం మీద రాయడం ఏం వచ్చు? అందుకని ఒక ఏర్పాటు. నేను ముక్కలు ముక్కలుగా రాసి పంపుతాను. నువ్వు ఎర్రపెన్సిల్‌తో దిద్ది పంపు. నీకు అర్థమైతే ఊళ్ళో పిల్లలందరికీ అర్థమైనట్టే. మొదటి ముక్క ఇదిగో:

"పిల్లలూ! ఎంతో అద్భుతమైన ఈ విమానాన్ని చూడండి. దీని రెక్కలు అంచుల దగ్గర గుండ్రంగా, ఆకులా ఉంటాయి. రెక్క పల్చగా ఉంటే గాలిని తేలిగ్గా కోసుకుంటూ పోతుంది. పల్చటి రెక్కలోనే తుపాకులూ పట్టాలి, ముడుచుకున్న చక్రాలూ పట్టాలి. అందుకే రెక్కకి ఈ ఆకారం వచ్చింది. ముందు ముక్కు చాలా పొడుగు. అందులో ఇంజన్ ఉంటుంది. నేల మీద నడిపేటప్పుడు ఆ ముక్కు అడ్డొచ్చి పైలట్‌కి ఎదురుగా ఏమీ కనిపించదు. అందుకని పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ, పక్కనుంచి తొంగిచూస్తూ వెళ్ళేవాడు. పైకి లేచాక మాత్రం దీనంత చురుకైనవి తక్కువ."

ఎలా ఉంది? మీ నాన్నకి డ్యూటీ ఇంకొన్నాళ్ళు పొడిగించారని అక్క చెప్పింది. బావ వచ్చేలోగా బోర్డు పూర్తిచేసి ఆయనతోనే ముసుగు తీయిద్దాం. అమ్మని సతాయించకు.

నీ రేకుల మామయ్య


జూన్ 17

రేకుల మామయ్యకి నమస్కారం.

దిద్దాను. "పిల్లలూ" తీసేశాను. అలా పిలిస్తే మా క్లాసులో ఎవరూ తలెత్తరు. "ఎంతో అద్భుతమైన" కూడా కొట్టేశాను. అవి బోర్డు మాటలు. మా స్కూలు గేటు మీద "నవ్వుతూ రండి, నవ్వుతూ వెళ్ళండి" అని రాసి ఉంటుంది, లెక్కల పరీక్ష రోజు కూడా. అలాంటివి రాశావంటే ఎర్రపెన్సిల్ అరిగిపోతుంది. పాము బావుంది. తుపాకులు ఉన్నాయన్నావు, ఎవరిమీద పేల్చేవాళ్ళో రాయలేదు. అది కూడా రాయి.

పైలట్ లోపలికి ఎలా ఎక్కుతాడో రాయలేదు. ఎలా దిగుతాడో కూడా రాయలేదు. దిగడం గురించి ఎక్కువ రాయి. నేల మీద దిగడం కాదు, పైన ఉండగా ఏదైనా అయితే దిగడం. పిల్లలు అదే అడుగుతారు.

ఇక్కడ సంగతులు. అమ్మ పరుపు తెచ్చి హాల్లో ఫోన్ పక్కన వేసుకుంది. గదిలో ఉక్కపోతట. నన్ను ఫోన్ ముట్టుకోనివ్వడం లేదు. నా స్నేహితురాలు హోంవర్క్ అడగడానికి చేస్తే కూడా "రేపు స్కూల్లో అడుగమ్మా" అని పెట్టేసింది. స్నానానికి వెళ్ళేటప్పుడు నన్ను ఫోన్ దగ్గర కూర్చోబెట్టి వెళ్తుంది. మోగితే ఎత్తకుండా తనని పిలవాలట. అలాంటప్పుడు నేను కూర్చుని ఏం లాభం?

కాఫీ కూడా మానేసింది. కడుపులో మంటట. కాఫీ లేకపోతే మాట్లాడని మనిషి. నాన్న ఉంటే ఏడిపించేవాడు. నాన్న సీసా మూతలు బిగించే సంగతి నీకు తెలుసుగా. చీమ దూరకూడదని బిగిస్తాడు, తర్వాత ఆయనకే రాదు. మొహం ఎర్రగా చేసుకుని తిప్పుతుంటే అమ్మ లాక్కుని, గరిటె కాడతో మూత చుట్టూ టకటకా కొట్టి ఒక్క తిప్పుతో తీస్తుంది. "విమానం నడిపే చేతులట!" అంటుంది. ఇప్పుడు ఇంట్లో మూతలన్నీ వదులుగానే ఉన్నాయి.

త్వరగా రాయి. దిగే సంగతి.

ఇన్‌స్పెక్టరు


జూన్ 24

ఇన్‌స్పెక్టరమ్మకి,

నీ ఎర్రపెన్సిల్ చూసి మా పెద్దాఫీసరు "ఎవరయ్యా ఈవిడ, ఎక్కడ పనిచేస్తారు?" అని అడిగారు. చాలా పెద్ద హోదా అన్నాను. అబద్ధం ఆడలేదు కదా.

తుపాకుల మాట రాశాను: "మొదట్లో వచ్చిన వాటికి ఒక్కో రెక్కలో నాలుగు తుపాకులు. ఎదుటి విమానాల మీద పేల్చేవాళ్ళు. ఎదుటి విమానంలో కూడా మనుషులే ఉండేవాళ్ళు." చివరి వాక్యం పెద్దాఫీసరు తీసెయ్యమన్నారు. నువ్వడిగావని ఉంచాను.

ఇక నువ్వడిగిన ముక్క:

"ఇందులో సీటు ఒక్కటే. పైలట్ రెక్క మీదకి ఎక్కి, ఎడమ పక్కనున్న చిన్న తలుపు దించి లోపలికి దిగుతాడు. తలపైన గాజుమూత ఉంటుంది. దాన్ని వెనకనుంచి ముందుకి లాక్కుంటే మూసుకుంటుంది, వెనక్కి జరిపితే తెరుచుకుంటుంది. ఆకాశంలో విమానానికి ఏదైనా అయితే పైలట్ ఏం భయపడడు. మూత వెనక్కి జరిపి, నడుం పట్టీలు విప్పుకుని, విమానాన్ని తలకిందులు చేస్తే చాలు, గింజలా జారి బయటపడతాడు. మూత బిగుసుకుపోతే పగలగొట్టడానికి తలుపుకే ఒక చిన్న గునపం తగిలించి ఉంటుంది. పారాచూట్ ఎక్కడో ఉండదు, అతను కూర్చునేదే దాని మీద. దూకి తాడు లాగితే గొడుగులా విచ్చుకుంటుంది. ఇంట్లో సీసా మూత తీసినంత తేలిక!"

ఆ చివరి మాట నీ ఉత్తరం చదివాకే తట్టింది. పిల్లలకి సీసాలు తెలుసు, మూతలు తెలుసు. బావుందా? ఆ గునపం కూడా నేనే తుప్పు వదిలించి తగిలించాను. చూడ్డానికి వంటింట్లో వస్తువులా ఉంటుంది.

నీకింత ఆసక్తి ఉందని తెలియక ఇన్నాళ్ళూ నీకు బొమ్మలూ రిబ్బన్లూ కొన్నాను. సెలవులకి రా, సీట్లో కూర్చోబెడతాను. బావ నడిపేది కూడా దీనికి చెల్లెలి వరసే. ఒకటే ఇంజన్, అదే జరిగే మూత.

అమ్మ కడుపుమంటకి మజ్జిగ తాగమను. ఈ ముక్క అమ్మకి కూడా చదివి వినిపించు, కాస్త నవ్వుతుంది.

నీ రేకుల మామయ్య


జూలై 3

మామయ్యకి,

ఉత్తరం "ఉభయ కుశలోపరి" అని మొదలుపెట్టాలని టీచర్ చెప్పింది. ఇక్కడ కుశలమో కాదో తెలియకుండా ఎలా రాయను?

నీ ముక్క దిద్దలేదు. ముందు ఒకటి చెప్పాలి, అమ్మకి చెప్పకు. నాన్నకి డ్యూటీ పొడిగించలేదని నాకు తెలుసు. మొదటి రోజే తెలుసు. నాన్న ఆఫీసు వాళ్ళు వచ్చినప్పుడు నేను తలుపు వెనక చెప్పులు వెతుక్కుంటున్నాను. "కొండల మీద గస్తీకి వెళ్ళిన విమానం తిరిగి రాలేదు, వెతుకుతున్నాం, కబురు తెలియగానే ఫోన్ చేస్తాం" అన్నారు. అమ్మ నాకు చెప్పలేదు. నేను ఏడుస్తానని చెప్పలేదేమో. నాకు తెలుసని తెలిస్తే అమ్మ ఏడుస్తుందని నేనూ చెప్పలేదు. రోజూ "నాన్న డ్యూటీలో ఏం చేస్తుంటాడే" అని అమ్మ అడుగుతుంది, నేనేదో ఒకటి చెప్తాను. ఇద్దరివీ బోర్డు మాటలే.

నువ్వు విమానం గురించి రాస్తానన్నప్పుడు, నాన్న విమానం అనకుండా నీ విమానం గురించి అడిగితే నీకు అనుమానం రాదనుకున్నాను. నేనడిగినవి పిల్లల కోసం కాదు మామయ్యా.

నీ ఉత్తరం అన్నం తినేటప్పుడు అమ్మకి చదివి వినిపించాను. కావాలనే పెద్దగా చదివాను. అమ్మ చెయ్యి ఆగిపోయింది. "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. తర్వాత ఆ కాగితం తీసుకుని దిండు కింద పెట్టుకుంది. మర్నాడు నాన్న బట్టలన్నీ తీసి ఇస్త్రీ చేసింది. ఆయన మంచం మీద కొత్త దుప్పటి వేసింది. చాలా రోజుల తర్వాత పాట కూడా పాడుకుంది.

మొన్న ఆఫీసు వాళ్ళు డ్యూటీ చోట నాన్న గదిలో ఉన్న సామాను పెట్టెలో పెట్టి తెచ్చారు. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టేసింది. "మా తమ్ముడు విమానాల పనివాడు. వాడికి తెలియదా? మూత తీసుకుని దూకేస్తారు, గొడుగు ఉంటుంది. సీసా మూత తీసినంత తేలికట. మీరు ఆ పెట్టె పట్టుకెళ్ళిపోండి, ఆయనొచ్చి ఆయనే తెచ్చుకుంటారు" అంది. వాళ్ళు పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయారు.

అమ్మకి ధైర్యం వచ్చింది. నాకే భయం పట్టుకుంది. నువ్వు సీసా మూత అన్నావు. నాన్నకి మూతలు రావు కదా మామయ్యా. అమ్మ పక్కనుంటేనే వస్తాయి. అక్కడ గరిటె ఎవరు కొడతారు? గునపం తీసుకోవాలని ఆయనకి గుర్తుంటుందా? కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి.

నిన్న కాఫీపొడి సీసా పట్టుకుని నాకైనా వస్తుందేమోనని తిప్పుతుంటే అమ్మ అరిచింది. నా మీద ఎప్పుడూ అలా అరవలేదు. సీసా లాక్కుని పై అరలో పెట్టింది. అది నాన్న వెళ్ళేరోజు పొద్దున బిగించిన సీసా అట. అమ్మకి కడుపులో మంట లేదు మామయ్యా.

ఒక్కటి చెప్పు. బోర్డు మాట వద్దు. మూత రాకపోతే ఏమవుతుంది?

నీ మేనకోడలు


జూలై 12

తల్లీ,

బావ ఆఫీసు జీపు డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. నాకంటే ముందు చేరుతుంది. అమ్మ పక్కన కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆ విమానం రెక్క కింద కూర్చుండిపోయాను. బావ విమానం తిరిగి రాలేదని నాకు ముందే తెలుసు, అక్క నీకు చెప్పవద్దంది. నీకేమీ తెలియదనుకుని, నవ్వించడానికి రాశాను. నువ్వు అడిగింది నాకు వినబడలేదు. ముక్కు అడ్డొచ్చి ఎదురుగా ఉన్నది కనిపించదని నేనే రాశాను కదా, అదే నాకూ జరిగింది.

మర్నాడే బావ ఆఫీసుకి వెళ్ళాను. అప్పుడే కబురు వచ్చిందన్నారు. కొండల్లో విమానం దొరికిందట. ఇంటి మనిషి ఒకరు వచ్చి చూడాలన్నారు. అక్క వెళ్ళకూడదని నేనే వెళ్ళాను.

నాన్న లేడమ్మా. మీ నాన్న, నా బావ, ఇక రాడు.

ఈ మాట రాయడానికి కాగితాలు చించుకుంటూ కూర్చున్నాను. ఎలా రాసినా అదే మాట.

కొండ కింద ఊళ్ళోంచి అమ్మకి ఫోన్ చేశాను. ఒక్క మోగుకే తీసింది. ఎవరని అడగలేదు. "మీరేనా?" అంది. "నేనక్కా" అన్నాను. అంతే. ఇంకేమీ చెప్పకుండానే తెలిసిపోయింది. "పిల్లకి నేను చెప్పలేనురా, నువ్వే రాయి. నీ రాతైతే దిద్దుకుంటూ చదువుతుంది" అంది. నీకు మొదటినుంచీ తెలుసని చెప్పాను. చెప్పవద్దన్నావు, అయినా చెప్పాను. ఒకే ఇంట్లో తల్లీకూతుళ్ళు ఒకరికొకరు దాక్కుని ఏడవడం ఇక చాలు.

ఇప్పుడు నువ్వడిగిన దానికి జవాబు. ఇది బోర్డు మాట కాదు.

ఆ రోజు మబ్బులు బాగా కిందికి దిగాయట. కొండలు కనిపించాలంటే ఆయన మబ్బుల కిందికి రావాలి. వచ్చాడు. అక్కడ ఇంజన్ ఆగిపోయింది. పారాచూట్ విచ్చుకోవాలంటే దాని కింద కొంత ఆకాశం ఉండాలి. నేను బోర్డులో అది రాయలేదు. మూత తీసి దూకితే చాలన్నాను. స్పిట్‌ఫైర్‌లో వెళ్ళిన వాళ్ళలో కూడా అలా బయటపడని వాళ్ళు ఎంతోమంది. అది కూడా నాకు తెలుసు. పిల్లలకెందుకులే అనుకున్నాను.

కానీ మూత సంగతి విను. ఆ విమానం నా కళ్ళతో చూశాను, చేత్తో తడిమాను. గాజుమూత చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. దెబ్బకి ఊడి వెనక్కి పోతే, అది నడిచే పట్టాలు వంకరపోతాయి. ఆ పట్టాలు తిన్నగా ఉన్నాయి. చేత్తో జరిపిన మూత అది. రేకులతో బతికినవాణ్ణి, ఇందులో నేను పొరబడను. నడుం పట్టీలు కూడా విప్పుకున్నాడు. గునపం తగిలించింది తగిలించినట్టే తలుపుకి ఉంది. దాని అవసరమే రాలేదు.

మీ నాన్నకి మూత వచ్చింది తల్లీ. చెయ్యాల్సినవన్నీ వరసగా చేశాడు. ఏదీ మరిచిపోలేదు. కింద ఆకాశమే చాల్లేదు.

నిన్ను ఓదార్చడానికి రాశానేమో అనుకుంటావు. నీ ఎర్రపెన్సిల్ మీద ఒట్టు, ఇది నిజం.

రేపు సాయంత్రానికి వస్తున్నాను. బావని తీసుకుని వస్తున్నాను. అమ్మ చెయ్యి వదలకు.

మామయ్య


ఆగస్టు 21

మామయ్యకి,

నువ్వు ఇక్కడున్నన్నాళ్ళూ ఇంటినిండా జనం. నీతో ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేదు. నువ్వు నా మొహం చూడకుండా తిరిగావు, నేనూ నీ మొహం చూడకుండా తిరిగాను. అందుకే ఉత్తరం.

జూలై పన్నెండు నాటిది దిద్దలేదు. అందులో తప్పులేం లేవు.

ఆ రోజు జీపు రాగానే ఇద్దరం హాల్లో అమ్మ పరుపు మీద కూర్చుని చదివాం. నేను చదివాను, అమ్మ విన్నది. పట్టాల దగ్గర "మళ్ళీ చదువు" అంది. గునపం దగ్గర కూడా మళ్ళీ చదవమంది. తర్వాత "చూశావా, తియ్యడం వచ్చింది మనిషికి" అని, నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మొదటిసారి ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడ్చాం.

ఆఫీసు వాళ్ళు పెట్టె మళ్ళీ తెచ్చారు. ఈసారి అమ్మే ఎదురెళ్ళి లోపలికి రమ్మంది. వాళ్ళకి కాఫీ ఇవ్వాలి కదా. పై అరలోంచి ఆ సీసా దించింది. గరిటె తీసుకుని మూత చుట్టూ కొట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ కొట్టేదానికంటే మెల్లగా కొట్టింది. తర్వాత తిప్పింది, వచ్చేసింది. అమ్మ చాలాసేపు మూత చేత్తో పట్టుకుని అలా నిలబడింది. నీళ్ళు మరిగి సగమయ్యాయి.

పెట్టెలో పెద్దగా ఏం లేవు. బట్టలు, సబ్బు, ఒక చిన్న సీసాలో తలనూనె. దాని మూత కూడా బిగుసుకునే ఉంది. దాన్ని మేం తియ్యలేదు.

నీ బోర్డు పూర్తిచేశాను. నీ మూడో ముక్క మొత్తం కొట్టేసి నేను రాశాను:

"ఇందులో సీటు ఒక్కటే. పైన గాజుమూత. ప్రమాదం వస్తే పైలట్ దాన్ని వెనక్కి జరిపి, పట్టీలు విప్పుకుని దూకాలి. అది తేలిక కాదు. కొందరు దూకి ఇంటికి వచ్చారు. కొందరు మూత తీశారు గానీ, గొడుగు విచ్చుకోవడానికి కింద ఆకాశం చాల్లేదు. వాళ్ళకి చేతకాక కాదు."

పెద్దాఫీసరు చివరి వాక్యం తీసెయ్యమంటే ఒప్పుకోకు. ఇన్‌స్పెక్టరు పెట్టిందని చెప్పు.

మొన్న కాఫీ పెట్టుకున్నాక అమ్మ సీసా నా చేతికిచ్చి "నువ్వు బిగించవే" అంది. నాన్నలాగే, చీమ దూరకుండా బిగించాను. ఇప్పుడు నాకూ రావట్లేదు, అమ్మకీ రావట్లేదు. గరిటె కాడ వంగిపోయింది. నిన్నటినుంచీ కాఫీ లేదు. నువ్వొచ్చి తియ్యాలి, సుత్తి మాత్రం తేకు.

ఎప్పుడొస్తావో ఫోన్ చెయ్యి. అమ్మ పరుపు గదిలోకి మార్చేసింది. లైన్ ఇక ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు